సూరత్‌లో తాగుడు మానాలనుకుంటే: సరైన సమావేశాన్ని ఎంచుకోవడం ఎలా?

సూరత్‌కు బదిలీ ఆర్డరు రాగానే కొన్ని ఇళ్లలో ఇల్లాలు లోలోపల ఊపిరి పీల్చుకుంటుంది. "అక్కడ మద్యనిషేధం కదా, ఇక మానేస్తారు" అని ఆశ. 1960 మే 1న గుజరాత్ ఏర్పడిన నాటి నుంచీ అక్కడ మద్యనిషేధం అమల్లో ఉన్న మాట నిజమే. అయితే చట్టం సీసాను దూరం పెట్టగలదు గాని తాగాలన్న తపనను తీసేయలేదు. పైగా దమణ్ దగ్గరే ఉంది. అలవాటు ముదిరినవారికి ఇక్కడ సిగ్గుకు తోడు కేసు భయం కూడా ఉంటుంది. అందుకే విషయం గడప దాటదు, సాయమూ గడప లోపలికి రాదు.

ఒక సహోద్యోగి భార్య నన్ను అడిగిన ప్రశ్న ఇది: "అన్నయ్యగారూ, మీటింగుకు వెళ్తే పోలీసులకో, ఆఫీసుకో తెలిసిపోదా?" చాలామంది మనసులో ఉండే ప్రశ్న కాబట్టి ముందు దీనికే సమాధానం చెప్పుకుందాం.

పేరు అడగని చోటు

ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) 1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో మొదలైంది. తాగుడుతో నలిగిపోయిన ఒక షేర్ బ్రోకరు, ఒక వైద్యుడు ఒకరికొకరు అండగా నిలవడమే దాని పునాది. ఇప్పటికీ పద్ధతి అదే. ఇంటిపేరు, ఉద్యోగం, చిరునామా చెప్పనక్కరలేదు. ఫీజు లేదు. ఖర్చుల కోసం సభ్యులే తోచినంత వేసుకుంటారు. మానాలన్న కోరిక తప్ప వేరే అర్హత ఏదీ అడగరు.

వైద్యుడి దగ్గర కూడా రక్షణ ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుంది. చట్టం చెప్పిన కొన్ని మినహాయింపుల్లో తప్ప, రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని నిర్దేశించింది.

ముందు డాక్టరు, తర్వాత సమావేశం

రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. వణుకు, చెమటలతో మొదలై, తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. "దేవుడి మీద ఒట్టు" వేయించి గదిలో పెట్టి గడియ వేయడం అందుకే తగదు. సూరత్‌లో న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థకు చెందిన స్మిమెర్ ఆసుపత్రి ఉన్నాయి. ముందు అక్కడి మానసిక వైద్య విభాగంలో చూపించండి. ఆయనకు తెలియకుండా కూరలోనో, చారులోనో మాత్రలు కలపవద్దు. కొన్ని మందులు పడి ఉన్నప్పుడు తాగితే గుండెకే ముప్పు.

ఎంచుకునేటప్పుడు చూడవలసినవి

దగ్గర్లోని సమావేశాల వివరాలు ఏఏ భారత కార్యాలయం వెబ్‌సైట్‌లో వెతకవచ్చు, మానసిక వైద్య విభాగంలోనూ అడగవచ్చు. తర్వాత ఈ అయిదూ చూసుకోండి.

ఒకటి, రకం. "ఓపెన్" సమావేశానికి కుటుంబసభ్యులూ వెళ్లవచ్చు. "క్లోజ్డ్" సమావేశం మానాలనుకునేవారికి మాత్రమే. తొలిసారి ఓపెన్ సమావేశమైతే భార్యాభర్తలు కలిసి వెళ్లవచ్చు.

రెండు, భాష. సూరత్‌లో హిందీ, గుజరాతీ వాడకం ఎక్కువ. తెలుగు నేత కుటుంబాలు తరతరాలుగా ఉన్న ఊరు కాబట్టి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. మనవాళ్లు ఉంటే మాట సులువు. కానీ తెలిసిన ముఖం ఎదురైతే నోరు పెగలనివారూ ఉంటారు. ఏది సౌకర్యమో ఆయన్నే తేల్చుకోనివ్వండి. ఆన్‌లైన్ సమావేశాలూ ఉన్నాయి.

మూడు, వేళ. బ్రాంచి మూసి, ట్రాఫిక్ దాటి చేరగలిగే సమయమేనా? నెలాఖరులోనూ కుదురుతుందా? వారానికోసారి మానకుండా వెళ్లగలిగేదే మంచి సమావేశం.

నాలుగు, దైవప్రస్తావన. ఏఏ పన్నెండు మెట్లలో దైవశక్తి మాట వస్తుంది, కానీ ఏ మతానికీ చెందదు. గది చర్చిదైనా, బడిదైనా అది కేవలం చోటు మాత్రమే. ఆ మాట నచ్చనివారికి స్మార్ట్ రికవరీ వంటి వేరే పద్ధతులు ఉన్నాయి.

అయిదు, మనుషులు. ఏళ్లుగా మానినవారూ, నిన్న మానినవారూ ఇద్దరూ ఉన్నారా? ఒక్కరే ఉపన్యాసం దంచుతున్నారా? డబ్బు గురించి ఒత్తిడి చేస్తే, డాక్టరు ఇచ్చిన మందులు ఆపమంటే ఆ చోటు వదిలేయండి. ఒక్కసారికే తీర్పు చెప్పకుండా రెండు మూడు సమావేశాలు చూడండి.

దీనివల్ల ఫలితం ఉంటుందా? 2020లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను, 10 వేలకు పైగా వ్యక్తుల వివరాలను పరిశీలించింది. పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఏఏకు దారి చూపే క్రమబద్ధమైన పద్ధతులు ఇతర చికిత్సలతో సమానంగానో, అంతకంటే మెరుగ్గానో ఉన్నాయని తేల్చింది.

ఇంట్లోవారికీ ఒక కుర్చీ

ఆయన రానంటే? మీరు వెళ్లవచ్చు. తాగేవారి కుటుంబాల కోసమే 1951లో అల్-అనాన్ ఏర్పడింది. ఆయన మానినా మానకపోయినా మీరు నిద్రపోవడం, పిల్లలు చదువుకోవడం ఎలాగో అక్కడ మాట్లాడుకుంటారు. అర్ధరాత్రి దిక్కు తోచకపోతే టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చేయి చేసుకుంటుంటే మాత్రం సమావేశం కోసం ఆగకండి, 112కు ఫోన్ చేయండి.

మన ఉద్యోగంలో బదిలీ తప్పదు. మానినవారికి కొత్త ఊరు, ఒంటరి గది, పరిచయం లేని సాయంత్రాలు గడ్డుకాలం. ఏఏ దాదాపు 180 దేశాల్లో ఉంది. కాబట్టి ఈసారి ఆర్డరు చేతికి రాగానే అద్దె ఇంటితో పాటు, ఆ ఊళ్లో సమావేశం ఏ రోజు, ఎక్కడ జరుగుతుందో కూడా కనుక్కోండి.