కంటి పరీక్షలో తప్పిన కుర్రవాడు



పరీక్ష తప్పినవాడు ఏ మొహం పెట్టుకొని ఇంటికి వెళతాడో నాకు బాగా తెలుసు. బడిలో నా ఉద్యోగకాలమంతా అటువంటి మొహాలను చూస్తూనే వచ్చాను. ఈ నెల మీకు చెప్పబోయేది, అలా పరీక్ష తప్పిన ఒక ఇంగ్లీషు కుర్రవాని సంగతి. అతను తప్పింది లెక్కల్లో కాదు, చరిత్రలోనూ కాదు. కంటి పరీక్షలో!

అతని పేరు మైకేల్ బర్క్. 1946లో, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరం ప్రక్కనున్న సాలిహల్ అనే ఊళ్ళో పుట్టాడు. బ్రిటిష్ వైమానిక దళంలో చేరాలని అతని ఆశ. తీరా వెళితే, అక్కడ కళ్ళు పరీక్షించి, చూపు చాలదని త్రిప్పి పంపేశారు.

మరి ఏం చేశాడంటారా? కొంతకాలం ఇటుకలు మోశాడు! ఇళ్ళు కట్టేచోట కూలిపని. ఆ తర్వాత బ్రామ్స్‌గ్రోవ్ అనే చిన్న పట్నంలో స్థానిక పత్రికకు విలేకరి అయ్యాడు. అక్కడ పని నేర్చుకొని పెద్ద పత్రికలకు వెళ్ళాడు. 1970లో బి.బి.సి.లో చేరాడు. మొదట రేడియో, తర్వాత టెలివిజన్. 1983లో బి.బి.సి. ఆయనను ఆఫ్రికా ఖండపు దక్షిణ దేశాలకు విదేశీ విలేకరిగా పంపింది.

విదేశీ విలేకరి అంటే ఎవరు? పరాయి దేశంలో ఉండి, అక్కడ జరిగేదాన్ని తన కళ్ళతో చూచి, మన ఇంట్లో కూర్చున్న మనకు చెప్పేవాడు. టెలివిజన్ విలేకరి అయితే చెప్పడమే కాదు, చూపించాలి కూడా. అందుచేత ఆయన ఒంటరిగా పోలేడు. ప్రక్కన కెమెరా పట్టిన మనిషి ఉండాలి. ఒకరు కన్ను, ఒకరు నోరు అనుకోండి.

బర్క్‌కు కన్నుగా దొరికినవాడు మహమ్మద్ అమీన్. ఆయన తల్లిదండ్రులది పంజాబు. ఆయన పుట్టింది ఆఫ్రికాలోని నైరోబీలో. ఆఫ్రికాలో ఆయన కెమెరా వెళ్ళని దేశం అరుదు.

1984లో ఇథియోపియా దేశపు ఉత్తర భాగంలో ఘోరమైన కరువు వచ్చింది. వానలు లేవు, పంటలు లేవు. అంతేకాదు, అక్కడ చాలాకాలంగా అంతర్యుద్ధం సాగుతోంది. యుద్ధం జరిగేచోట రైతు విత్తలేడు, బండి కదలదు, గింజలున్న ఊరినుంచి గింజలు లేని ఊరికి ధాన్యం చేరదు. అందుకే, కరువంటే ఆకాశం చేసే అపకారమొకటే కాదని మీరు గుర్తుంచుకోవాలి. ఆ ఏడు సెప్టెంబరులో ఆ దేశపు ప్రభుత్వం తన విప్లవానికి పదేళ్ళు నిండాయని రాజధానిలో వైభవంగా ఉత్సవాలు చేసింది. ఉత్తరాన ప్రజలు ఆకలితో చనిపోతున్నారు. సహాయం చేసే సంస్థలవారు ప్రపంచానికి మొరపెట్టుకుంటూనే ఉన్నారు. వినేవారు తక్కువ.

అక్టోబరులో బర్క్, అమీన్ కలిసి కోరెమ్ అనే ఊరు చేరారు. అది సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైన ఉన్న పీఠభూమి. రాత్రిళ్ళు వణికించే చలి. ఊరి బయట మైదానంలో వేలాదిమంది, పిల్లాజెల్లా, కప్పుకోవడానికి సరైన గుడ్డ లేక పడుకొని ఉన్నారు. తెల్లవారేసరికి కొందరు లేచారు. కొందరు ఇక లేవలేదు.

మెకెలె అనే పట్నంలో రెడ్‌క్రాస్ నర్సు ఒకామె ఉండేది. పేరు క్లేర్ బర్షింగర్. ఆకలితో చిక్కిపోయిన పిల్లలకు తిండిపెట్టే కేంద్రం ఆమె చేతిలో ఉంది. కాని అక్కడున్న తిండి కొద్దిమందికే చాలుతుంది. బయట వరుసలో కూర్చున్నవారు వందలమంది. ఎవరిని లోపలికి తీసికోవాలో, ఎవరిని వదలివేయాలో ఆమె ఒక్కతే నిర్ణయించాలి. ఆ పని చేస్తుంటే మీకెలా ఉంటుందని బర్క్ అడిగాడు. గుండె పగిలిపోతుందని ఆమె చెప్పింది.

ఆ రోజుల్లో అటువంటి చోటునుంచి బొమ్మలను క్షణంలో పంపే సాధనాలు వారి దగ్గర లేవు. టేపులు విమానంలో దేశం దాటాలి. ఆ బొమ్మలకు తగిన మాటలు వ్రాయాలి. ఇంగ్లీషు వార్తల్లో సెకనుకు మూడు మాటలని లెక్క. అర నిమిషం బొమ్మకు ఎన్ని మాటలు పడతాయో మీరే గుణించి చూడండి. తొంభై! అంతకుమించి ఒక్కటి పట్టదు. బర్క్ ఆ తొంభై కూడా నింపలేదు. బొమ్మ మాట్లాడేచోట తాను ఊరుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు, ఏడవలేదు, పెద్ద పెద్ద మాటలు వాడలేదు. చూచింది చూచినట్లు నెమ్మదిగా చెప్పాడు.

1984 అక్టోబరు 23న అది బి.బి.సి.లో వచ్చింది. నిడివి ఏడు నిమిషాలో, ఇంకా కొంచెమో. ప్రపంచంలో నాలుగు వందలకు పైగా టెలివిజన్ కేంద్రాలు దానిని తిరిగి చూపించాయి. భోజనాల వేళ టెలివిజన్ ముందు కూర్చున్నవారికి ముద్ద దిగలేదు. బాబ్ గెల్డాఫ్ అనే ఐర్లండు గాయకుడు అది చూచి ఊరుకోలేకపోయాడు. తోటి గాయకులను పోగుచేసి పాట పాడించి, వచ్చిన డబ్బు కరువుకు పంపాడు. 1985 జులై 13న లండన్‌లోనూ, అమెరికాలోని ఫిలడెల్ఫియాలోనూ ఒకేరోజు పెద్ద సంగీత సభలు జరిపించాడు. బడిపిల్లలు తమ చిల్లర డబ్బులు ఇచ్చారు.

ఇక్కడొక చిత్రం చూడండి. 1984 నవంబరులో ఇథియోపియాకు పెద్ద పెద్ద విమానాలు వెళ్ళాయి. రోడ్లు లేని కొండల్లో నేలకు దగ్గరగా ఎగురుతూ ధాన్యం మూటలు జారవిడిచాయి. అవి ఎవరి విమానాలనుకున్నారు? బ్రిటిష్ వైమానిక దళానివి! చూపు చాలదని ఏ దళం ఆయనను పొమ్మన్నదో, ఆయన చూచి చెప్పిన చోటికే ఆ దళం విమానాలు వెళ్ళాయి.

అయినా పిల్లలూ, కథ సుఖంగా ముగిసిందని నేను చెప్పను. ఆ కరువులో లక్షలాది జనం చనిపోయారు. వార్త ఆలస్యమైంది, తిండి అంతకంటె ఆలస్యమైంది. ఆ వార్త వల్ల ఎంత మేలు జరిగిందో నర్సు క్లేర్‌కు చాలాకాలందాకా తెలియనే లేదు. తాను వదలివేసిన పిల్లలే ఆమె కళ్ళలో మెదిలేవారు. సుమారు ఇరవై యేళ్ళ తర్వాత ఆమె, బర్క్ కలిసి మళ్ళీ ఆ దేశం వెళ్ళి వచ్చారు.

అమీన్ సంగతి కూడా చెప్పాలి. 1991లో ఇథియోపియాలోనే మందుగుండు నిలువలు పేలి ఆయన ఎడమచేయి పోయింది. కృత్రిమ హస్తం పెట్టించుకొని మళ్ళీ కెమెరా పట్టాడు. 1996లో, దుండగులు బలవంతంగా దారి మళ్ళించిన విమానంలో నూనె అయిపోయి, అది కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో పడింది. అందులో ఉన్న అమీన్ మరణించాడు.

బర్క్ దక్షిణాఫ్రికా దేశంలో, రంగునుబట్టి మనుషులను వేరుచేసే ప్రభుత్వం చేసే పనులను కూడా అలాగే చూచి చెప్పాడు. 1987లో ఆ ప్రభుత్వం ఆయనను దేశంనుంచి వెళ్ళగొట్టింది. లండన్ తిరిగివచ్చి, ఎన్నో యేళ్ళు రాత్రి తొమ్మిది గంటల వార్తలకు, 2000 తర్వాత పది గంటల వార్తలకు కూర్చున్నాడు.

టెలివిజన్‌లో వార్తలు చెప్పేవారు కాగితం చూడకుండా మనవంకే చూస్తూ ఎలా చెబుతారా అని మీకు అనుమానం రావచ్చు. కెమెరాకు ముందు ఏటవాలుగా ఒక గాజుపలక ఉంటుంది. దాని క్రింద అక్షరాలు కదిలే తెర ఉంటుంది. ఆ అక్షరాలు గాజులో ప్రతిబింబిస్తే, చదివేవారికి కనిపిస్తాయి. కెమెరా మాత్రం గాజుగుండా ఆవలికి చూస్తుంది. దానికి అక్షరాలు కనబడవు. రాత్రిపూట రైలు కిటికీ అద్దంలో మీ మొహమూ, బయటి దీపాలూ ఒకేసారి కనిపించడం చూచారుగదా? అదే సూత్రం. అక్షరాలు చదవడం ఎవరికైనా వస్తుంది. కాని చదివేవాడు ఆ మైదానంలో చలికి నిలబడి వచ్చినవాడైతే, ఆ మాటకు బరువు వేరు.

పెద్దలకు ఒక మాట. వార్తల్లో బాధాకరమైన బొమ్మ వస్తే వెంటనే టెలివిజన్ కట్టివేయకండి. అలాగని పిల్లలను దానిముందు ఒంటరిగా వదలకండి. ప్రక్కన కూర్చుని, "ఇది ఎందుకు జరిగింది? మనమేం చేయగలం?" అని మాట్లాడండి.

ఇక మీకు పని. రేపు మీ వీధిలో ఒక పావుగంట నిలబడండి. చూచింది ఏడు వాక్యాల్లో వ్రాయండి. "అబ్బో", "అయ్యో" అనే మాటలు ఒక్కటీ ఉండకూడదు. ఇంటికి వచ్చి మీ అమ్మకు చదివి వినిపించండి. ఆ వీధి ఆమె కళ్ళకు కనబడితే, మీరు కంటి పరీక్షలో నెగ్గినట్లే!