నాలుగు కాళ్ల నేస్తానికి ఆపదొస్తే...

ఆదివారం. కుటుంబమంతా మామిడితోటకి బయల్దేరింది. పిల్లలకంటే ముందు కారెక్కి కూర్చునేది పెంపుడు కుక్కే. దిగీదిగగానే గట్ల మీద పరుగులు, తొండల వెంట ఉరుకులు, కంపల్లో దూరడాలు... చూడముచ్చటే! అంతలో 'కుయ్'మంటూ అరుపు. కుంటుతూ వచ్చి కాళ్ల దగ్గర కూలబడిపోతుంది. ఏం కరిచిందో తెలీదు, ఏం గుచ్చుకుందో తెలీదు. పశువుల ఆసుపత్రి చూస్తే ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల దూరం. అదేమో నోరు తెరిచి చెప్పుకోలేదు. అలాంటప్పుడు తొలి పావుగంటలో పక్కనున్నవాళ్లు చేసే పనే చాలాసార్లు దాని ప్రాణం నిలబెడుతుంది. తెలియక చేసే పని ఒక్కోసారి ఆ ప్రాణం మీదికే తెస్తుంది.

ముందు మూతికి కట్టు

నొప్పితో ఉన్న కుక్క అన్నం పెట్టిన చేతినైనా కరుస్తుంది. అది విశ్వాసం లేక కాదు, భయంతో. అందుకే దాని ముఖం మీదికి వంగకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచి, మెల్లగా మాట్లాడుతూ పక్కనుంచి వెళ్లాలి. చున్నీనో, పొడవాటి గుడ్డ పేలికనో మూతి చుట్టూ చుట్టి, గడ్డం కిందుగా తీసుకెళ్లి చెవుల వెనక ముడి వేయాలి. వాంతులు, ఆయాసం ఉన్నా, స్పృహ తప్పినా, పగ్ లాంటి పొట్టిమూతి జాతి అయినా మాత్రం ఈ కట్టు కట్టకూడదు.

తరవాత పెదవి ఎత్తి చిగుళ్లు చూడాలి. ఆరోగ్యంగా ఉంటే అవి గులాబీరంగులో ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్లీ రంగు రావాలి. బాగా పాలిపోయినా, నీలంగా మారినా క్షణం ఆలస్యం చేయకూడదు.

ఎండ కొడితే...

మనకి ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకి అరికాళ్ల మెత్తల్లో తప్ప దాదాపుగా పట్టదు. నాలుక చాపి రొప్పడం ద్వారానే అది ఒంట్లో వేడిని తగ్గించుకుంటుంది. సాధారణంగా దాని ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకూ ఉంటుంది. ఎండలో తిరిగిన కుక్కకి అది 105 దాటిందంటే ప్రమాదమే. ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, ఎర్రబడిన చిగుళ్లు, తూలుతూ నడవడం... ఇవన్నీ ఎండదెబ్బ లక్షణాలు.

వెంటనే నీడకి చేర్చి, అందుబాటులో ఉన్న చల్లటి నీళ్లు ఒళ్లంతా పోస్తూ విసరాలి. తడి తువ్వాలు కప్పి అలాగే వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. వేడి 103కి దిగాక నీళ్లు పోయడం ఆపాలి. స్పృహలో ఉంటే తాగడానికి కొద్దికొద్దిగా నీళ్లు పెట్టొచ్చు. నోట్లో పోయడం మాత్రం వద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. తేరుకున్నట్టు కనిపించినా వైద్యుడికి చూపించాల్సిందే.

పాము కాటేస్తే...

వాసన చూస్తూ పొదల్లో దూరుతుంది కాబట్టి కుక్కకి ఎక్కువగా మూతిమీద, ముందుకాళ్లమీదే కాటు పడుతుంది. రక్తపింజరి కాటుకి వాపు వస్తుంది, రక్తం కారుతుంది. నాగుపాము, కట్లపాము విషం నరాలమీద పనిచేస్తుంది. కాళ్లు చచ్చుబడి, ఊపిరి అందదు. కట్లపాము కరిచినచోట వాపు కూడా కనిపించకపోవచ్చు.

కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, పసరు పూయడం... ఇవేవీ పనికిరావు. మెడ వాస్తే పట్టీ బిగుసుకుపోతుంది కాబట్టి ముందు దాన్ని తీసేయాలి. కుక్కని నడవనివ్వకుండా దుప్పటి మీద పడుకోబెట్టి, ఇద్దరు మోసుకుంటూ వాహనం దాకా తీసుకెళ్లాలి. మనుషులకి ఇచ్చే పాము విషం విరుగుడు మందే కుక్కలకీ పనిచేస్తుంది. అది ఆసుపత్రిలో ఉందో లేదో దారిలోనే ఫోన్ చేసి కనుక్కుంటే విలువైన సమయం కలిసొస్తుంది. పాముని వెతుకుతూ కూర్చోవడం మాత్రం తగదు.

రక్తం ఆగకపోతే...

గాజుపెంకులు, ముళ్లకంచెలు అరికాళ్లని చీరేస్తుంటాయి. శుభ్రమైన గుడ్డ పెట్టి కనీసం అయిదు నిమిషాలు గట్టిగా నొక్కి ఉంచాలి. మధ్యలో తీసి చూస్తే గడ్డకట్టే రక్తం మళ్లీ ఊడిపోతుంది. గుడ్డ తడిసిపోతే దానిమీదే ఇంకొకటి వేయాలి. కాలిలో దిగిన తుమ్మముల్లు తీసేయొచ్చు కానీ... పొట్టలో, ఛాతీలో, కంట్లో దిగబడిన పుల్లని లాగకూడదు.

పురుగుమందు పొలాలతో జాగ్రత్త

మందు కొట్టిన చేలో తిరిగినా, ఎలుకల మందు కలిపిన తిండి తిన్నా విషం ఎక్కుతుంది. కొన్ని పురుగుమందులకి నోటివెంట చొంగ ధారగా కారుతుంది, వాంతులవుతాయి, ఒళ్లు వణుకుతుంది. ఎలుకల మందుల్లో కొన్నింటి ప్రభావం రెండు మూడు రోజులకి గానీ బయటపడదు. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం ప్రమాదకరం. ఒంటికి మందు అంటితే చేతులకి తొడుగులు వేసుకుని సబ్బునీళ్లతో కడగాలి. మందు డబ్బానో, పొట్లమో వైద్యుడికి చూపిస్తే విరుగుడు తేల్చుకోవడం తేలికవుతుంది. మనం వాడే పారాసెటమాల్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కకి సొంతంగా ఎప్పుడూ వేయొద్దు. అవే విషమవుతాయి.

ఊపిరి ఆగితే...

స్పృహ లేదు, ఊపిరీ లేదు. అప్పుడు పక్కకి పడుకోబెట్టి, ఛాతీ బాగా వెడల్పుగా ఉన్నచోట రెండు చేతులతో నొక్కాలి. చిన్న జాతులకైతే మోచెయ్యి ఛాతీని తాకేచోట నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ మూడోవంతు లోపలికి వెళ్లేలా. ప్రతి 30 నొక్కులకీ నోరు మూసిపట్టి ముక్కులోంచి రెండుసార్లు గాలి ఊదాలి. రెండు నిమిషాలకోసారి మనుషులు మారితే అలసట ఉండదు.

సంచీలో ఏముండాలి?

గాజుగుడ్డ, కట్టుగుడ్డ చుట్ట, చిన్న పట్టుకారు, థర్మామీటరు, తొడుగులు, గాయం కడగడానికి సెలైన్, రెండు లీటర్ల నీళ్లు, దుప్పటి. వీటితోపాటు వెళ్లేచోటికి దగ్గర్లోని పశువైద్యుడి ఫోన్ నంబరు. ఈ గొడవలో కుక్క ఎవరినైనా కరిస్తే ఆ గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పావుగంటసేపు కడిగి, వెంటనే ఆసుపత్రికెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి. పెంపుడు కుక్కే కదా అని ఊరుకోకూడదు.

రాత్రుళ్లు మేలుకుని ఇల్లు కాపలా కాసేది అదే. దాని ప్రాణానికి కాపలా కాయాల్సిన రోజొస్తే... ఈ చిన్న సంచీ, నాలుగు ముక్కల తెలివిడి చాలాసార్లు అక్కరకొస్తాయి!