చేపకన్ను చూపు

పిల్లలూ! చెరువులో ఉన్న చేప తలపైకి చూస్తే దానికేమి కనిపిస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆకాశమంతా, గట్టుమీది చెట్లతో సహా, ఒక గుండ్రని కిటికీలో ఇమిడిపోయి కనిపిస్తుంది! గాలిలోనుంచి నీటిలోకి వచ్చేటప్పుడు వెలుతురు వంగుతుంది గనక, 180 డిగ్రీల మేర ఉన్న లోకం సుమారు 97 డిగ్రీలలోకి కుదించుకుపోతుంది.

అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఉడ్ 1906లో ఈ సంగతి వివరించి, దీనికి "చేపకన్ను చూపు" అని పేరు పెట్టాడు. నీరు నింపిన బాల్చీనే కెమేరాగా చేసి ఫొటోలు తీశాడు. 1924లో ఇంగ్లండులో రాబిన్ హిల్ ఆకాశంలోని మబ్బులన్నిటినీ ఒకే ఫొటోలో పట్టే లెన్సును గురించి వివరించాడు. దానికి నీటితో పని లేదు, అంతా గాజే.

ఇప్పుడు మీ తరగతినంతా ఒకే ఫొటోలో తీయాలనుకోండి. అందుకు రెండు రకాల లెన్సులున్నవి. ఒకటి బాగా వెడల్పుగా చూసే లెన్సు, రెండవది చేపకన్ను లెన్సు. 36 మిల్లీమీటర్ల వెడల్పూ, 24 మిల్లీమీటర్ల ఎత్తూ గల చిత్రానికి 15 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సు మూలనుంచి మూలకు 110 డిగ్రీలు చూపుతుంది. అదే 15 మిల్లీమీటర్ల చేపకన్ను 180 డిగ్రీలు చూపగలదు!

వెడల్పు లెన్సులో గోడలూ, బల్లలూ తిన్నగా ఉంటవి. కాని చివర కూచున్నవాళ్ల ముఖాలు గుమ్మడికాయల్లా సాగిపోతవి. చేపకన్నులో ముఖాలు అలా సాగవు. అయితే బల్లలు విల్లులా వంగిపోతవి. చిత్రం నడిమధ్యగా పోయే గీతలు మాత్రమే తిన్నగా ఉంటవి.

ఎందుకిలా? సగం బత్తాయి తొక్కను బల్లమీద పెట్టి చదునుగా అదమండి. అది చిరుగుతుంది, లేదా సాగుతుంది. మన చుట్టూ ఉన్న లోకం కూడా ఆ తొక్కలాగే గుండ్రం. ఫొటో మాత్రం చదును. గీతలన్నీ తిన్నగా ఉంచుతూ 180 డిగ్రీలూ చూపాలంటే కాగితం వెడల్పుకు అంతే ఉండదు!

పాత కెమేరాలు కొన్నిటిలో లెన్సు వెనక ఒక అద్దం ఉండేది. నికాన్ వారు 1962లో తెచ్చిన చేపకన్ను లెన్సు వెనకభాగం లోపలికి పొడుచుకువచ్చేది గనక, అద్దాన్ని పైకెత్తి ఉంచవలసి వచ్చేది. ఈనాటి అద్దం లేని కెమేరాలకు ఆ బాధ లేదు.

మరి ఏ ఫొటో నిజం? రెండూ నిజమే, రెండూ కొంత అబద్ధమే! అందుకని ఫొటోలో ఎవరైనా లావుగా కనిపిస్తే నవ్వకండి. ముందు, "ఇది ఏ లెన్సు?" అని అడగండి.