బొగ్గు గని నుంచి బోరుబావి దాకా: ఇంధన భద్రతలో సాగునీటి లెక్క

జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురం మండలంలో పొలానికి నీరందించే రెండు వ్యవస్థలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి కాకతీయుల కాలం నాటి గణపురం చెరువు. దాని నీరు తూము దాటి, నేల వాలు వెంట పారి మడికి చేరుతుంది. రెండవది చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. 500 మెగావాట్ల మొదటి యూనిట్ 2010లో, 600 మెగావాట్ల రెండవ యూనిట్ 2016లో ఇక్కడ ఉత్పత్తి ప్రారంభించాయి. ఈ కేంద్రంలో పుట్టిన విద్యుత్తు గ్రిడ్‌లో కలిసి, జనగామ మెట్ట పొలాల్లో పాతాళంలో ఉన్న నీటిని పైకి లాగుతుంది. ఆయకట్టు ఉన్నచోట భూమ్యాకర్షణ ఉచితంగా చేసే పనినే ఆయకట్టు లేనిచోట బొగ్గు చేస్తున్నది.

ఈ ప్రాంతంలో బొగ్గుకు కొదవ లేదు. 1871లో ఇల్లందు పరిసరాల్లో బొగ్గు జాడ బయటపడింది. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు భూపాలపల్లిలో సింగరేణి భూగర్భ గనులు, ఓపెన్‌కాస్ట్ గనులు ఉన్నాయి. మల్హర్‌రావు మండలం తాడిచెర్లలో రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థకు కేటాయించిన గని కూడా ఉన్నది. గని, విద్యుత్ కేంద్రం ఒకే జిల్లాలో ఉండటం ఇంధన భద్రతకు గట్టి ఆధారం. దిగుమతుల ధరలు, ఓడరేవుల ఇబ్బందులు దీనిని అంతగా తాకవు. అందుకే దీనిని వదులుకోవడమూ అంత తేలిక కాదు.

2070 నాటికి నికర శూన్య ఉద్గారాలను సాధిస్తామని 2021 గ్లాస్గో సదస్సులో భారతదేశం ప్రకటించింది. 2025 నాటికి దేశ స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే అయింది. అయితే స్థాపిత సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సౌర ఫలకాలు రాత్రి పనిచేయవు కనుక వాస్తవంగా వాడుకునే విద్యుత్తులో అధిక భాగం ఇంకా బొగ్గుదే. ఈ వ్యత్యాసాన్ని తగ్గించే వెసులుబాటు వ్యవసాయానికి ఉన్నంతగా మరే రంగానికీ లేదు. ఇంటి దీపం సాయంత్రమే వెలగాలి, ఆసుపత్రి రాత్రింబవళ్లు నడవాలి. బోరు మోటారు మాత్రం ఎండ ఉన్నప్పుడే నడిస్తే సరిపోతుంది. రాష్ట్రంలో 25 లక్షలకు పైగా వ్యవసాయ పంపుసెట్లు ఉన్నాయి. అవి వాడే విద్యుత్తు రాష్ట్ర వినియోగంలో సుమారు మూడో వంతు.

ఒక బోరు ఖర్చు చేసే ఇంధనమెంతో అంచనా వేయడం కష్టం కాదు. ఒక ఘనపు మీటరు నీటిని ఒక మీటరు ఎత్తుకు చేర్చడానికి సిద్ధాంతరీత్యా 0.0027 యూనిట్ల విద్యుత్తు కావాలి. యాసంగి వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే ఎకరానికి సుమారు 4,850 ఘనపు మీటర్లు అవుతుంది. నీటిని 60 మీటర్ల లోతు నుంచి తోడుతూ, పంపు సామర్థ్యం 35 శాతమే ఉన్నదనుకుంటే ఎకరా వరికి దాదాపు 2,250 యూనిట్లు ఖర్చవుతాయి. ఒక యూనిట్ ఉత్పత్తికి సుమారు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. అంటే పూర్తిగా బొగ్గు విద్యుత్తుతోనే పండితే, ఆ ఎకరం వెనుక టన్నున్నర బొగ్గు ఉన్నదన్నమాట. తీగల్లో జరిగే నష్టం ఇందులో చేరలేదు. అదే పొలంలో 550 మిల్లీమీటర్ల నీటితో మొక్కజొన్న పండిస్తే 1,040 యూనిట్లు చాలు. పంట మార్చకుండా మంచి పంపుతో సామర్థ్యాన్ని 50 శాతానికి పెంచినా వరికి దాదాపు 1,600 యూనిట్లతో పని జరుగుతుంది.

ఈ పొదుపు రైతుకు ఏమిస్తుంది? ప్రస్తుత పరిస్థితిలో ఏమీ ఇవ్వదు. 2004 నుంచి వ్యవసాయ విద్యుత్తు ఉచితం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల సరఫరా. అంతకు ముందు విడతలవారీగా, తరచు అర్ధరాత్రి వచ్చే కరెంటు కోసం రైతు పొలంలో జాగారం చేయవలసి వచ్చేది. ఆ చీకట్లో పాముకాట్లకు, విద్యుదాఘాతాలకు బలైన కుటుంబాలు తెలంగాణ పల్లెల్లో తక్కువ కాదు. ఉచిత విద్యుత్తును విమర్శించేవారు ఆ రాత్రులను గుర్తుంచుకోవాలి. అయినా మంచి పంపు కొన్న రైతుకు, వరి మాని ఆరుతడి పంట వేసిన రైతుకు ఆదా అయిన యూనిట్ విలువ సున్నా కావడం ఈ విధానంలోని అసలు లోపం. ఆ విలువ సున్నాగా ఉన్నంతకాలం పొదుపు సలహాలు పొలం గట్టు దాటి లోపలికి రావు.

2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకాన్ని ఈ దృష్టితో చూడవలసి ఉంటుంది. దీనిలోని మొదటి విభాగం కింద రైతులు తమ బీడు భూముల్లో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు సౌర కేంద్రాలు నెలకొల్పి, యూనిట్‌కు 3 రూపాయల 13 పైసల చొప్పున డిస్కంకు అమ్మవచ్చు. ఒక మెగావాట్‌కు సుమారు నాలుగు ఎకరాలు కావాలి; ఏటా 15 లక్షల యూనిట్ల వరకు వస్తాయి. జనగామ వంటి జిల్లాలో సాగుకు పనికిరాని రాతి నేలలకు ఇది మంచి అవకాశమే. కానీ ఇక్కడ రైతు విద్యుత్తును అమ్మేవాడవుతాడు తప్ప, తన బోరు వద్ద పొదుపు చేయవలసిన అవసరం అతనికి కొత్తగా ఏదీ రాదు. ఫీడర్ మొత్తాన్ని సౌరీకరించినా అంతే. బొగ్గు వాడకం తగ్గుతుంది, భూగర్భ జలం మాత్రం మునుపటిలాగే తరుగుతుంది.

గ్రిడ్‌కు అనుసంధానమైన పంపుకు విడిగా ఫలకాలు అమర్చి, మిగులు విద్యుత్తుకు ధర చెల్లించే విభాగం ఇందుకు భిన్నమైనది. ఐదు హెచ్‌పీ పంపుకు అమర్చే ఐదు కిలోవాట్ల ఫలకాలు ఏడాదికి సుమారు 7,000 యూనిట్లు ఇవ్వగలవు. పైన చెప్పిన ధరే వర్తిస్తే, ఎకరా వరిని మొక్కజొన్నగా మార్చిన రైతుకు మిగిలే 1,200 యూనిట్ల విలువ 3,750 రూపాయలకు పైమాటే. మొత్తం చిన్నదే కావచ్చు. అయినా నీటి పొదుపుకు ధర పలకడం అదే మొదలు. గుజరాత్ ఖేడా జిల్లా ధుండి గ్రామ రైతులు 2016లో అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ సహకారంతో సౌర పంపుల సహకార సంఘంగా ఏర్పడి మిగులు విద్యుత్తును గ్రిడ్‌కు అమ్మారు. విద్యుత్తుకు కొనుగోలుదారు ఉంటే అవసరానికి మించి నీరు తోడే రైతు అరుదు అన్న ఆలోచనే ఆ ప్రయోగానికి మూలం.

మహబూబాబాద్ జిల్లా అటవీ మండలాల పరిస్థితి వేరు. గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం మండలాల్లో అటవీ హక్కు పట్టాలున్న గిరిజన రైతుల చేలకు విద్యుత్ లైను చేరడమే కష్టం. రాష్ట్ర ప్రభుత్వం 2025 మే నెలలో ప్రారంభించిన ఇందిర సౌర గిరి జల వికాసం ఇటువంటి భూముల కోసమే. రాష్ట్రవ్యాప్తంగా 6 లక్షల ఎకరాలకు సౌర పంపులతో నీరందించడం దాని లక్ష్యం. ఇక్కడ సౌర పంపు బొగ్గు విద్యుత్తుకు బదులుగా వస్తున్నది కాదు. ఒక్క వాన పంటతో సరిపెట్టుకునే కుటుంబానికి అదే మొదటి సాగునీరు. గ్రిడ్ లేదు కనుక మిగులును అమ్ముకునే వీలూ లేదు. నీటి ఖర్చు సున్నాగా ఉండే ఈ చోట బిందు సేద్యం, కూరగాయలు, పండ్ల తోటలు పంపుతో పాటే రావాలి. పంపు వచ్చాక సలహా వస్తే వరి మడి అప్పటికే సిద్ధమై ఉంటుంది.

జనగామలో భూగర్భ జలానికి హద్దు రాయే. గ్రానైట్ శిలల పైపొరల్లోని పగుళ్లలో నిలిచే నీరు కొద్దిపాటిది; ఎండాకాలానికి బోరు ఆగి ఆగి పోస్తుంది. గోదావరి జలాలను గంగారం వద్ద ఎత్తి తెచ్చే దేవాదుల పథకం ఈ కరువు సీమ చెరువులకు ప్రాణం పోసినా, ఎత్తిపోతల నీటి ప్రతి చుక్క వెనుకా విద్యుత్తే ఉన్నది. కాబట్టి వరి తప్పనిసరి అయిన పొలాల్లోనైనా తడి, ఆరుదల పద్ధతి ఇక్కడ ముందుగా పాటించదగినది. రంధ్రాలున్న గొట్టాన్ని మడిలో పాతి, నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకనే తిరిగి 5 సెంటీమీటర్ల ఎత్తున నీరు పెట్టాలి. పూతకు ముందు, తర్వాత ఒక వారం మాత్రం మడి ఆరనీయరాదు. ఈ పద్ధతిలో నాలుగో వంతు నీరు ఆదా అయితే, పై లెక్క ప్రకారం ఎకరాకు 560 యూనిట్లు మిగులుతాయి. నిలువ నీటి మడిలో పుట్టే మీథేన్ కూడా గణనీయంగా తగ్గుతుంది. నూరేళ్ల కాలానికి లెక్కిస్తే మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే 27 రెట్లకు పైగా వేడిని పెంచే వాయువు కనుక, వరి పొలంలో ఈ రెండు ఆదాలనూ కలిపే చూడాలి.

పగటి సాగునీటి భారమంతా సూర్యుడే మోసినా సాయంత్రపు గిరాకీకి చెల్పూరు వంటి కేంద్రాలు మరికొంత కాలం అవసరమే. వాటిలో బొగ్గుతో పాటు 5 శాతం జీవ ఇంధన గుళికలు కలపాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో విధానం ప్రకటించింది. ఈ మూడు జిల్లాల్లోనూ పత్తి విస్తారంగా సాగవుతుంది. ఎండిన పత్తి కట్టె ఉష్ణ విలువ ఇక్కడి నాసి రకం బొగ్గుకు దాదాపు సమానం. 1,100 మెగావాట్ల కేంద్రం ఏడాదంతా 85 శాతం సామర్థ్యంతో నడిస్తే 55 లక్షల టన్నుల బొగ్గు కావాలి. అందులో 5 శాతం అంటే రెండున్నర లక్షల టన్నులకు పైగా గుళికలు. ఎకరానికి టన్ను కట్టె చొప్పున లెక్కించినా రెండున్నర లక్షలకు పైగా ఎకరాల పత్తి కట్టె అమ్ముడుపోతుంది. ప్రస్తుతం రైతులు ఆ కట్టెను చేలోనే కాలుస్తున్నారు, లేదా వేసవి దాకా నిలబెట్టి ఉంచుతున్నారు. నిలిచి ఉన్న కట్టెలో, కోయకుండా వదిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాగి మరుసటి పంటకు సంక్రమిస్తుంది కనుక, దాన్ని త్వరగా తొలగించడం సస్యరక్షణ రీత్యా కూడా అవసరమే. అడ్డంకి రవాణాలో ఉన్నది. తేలికగా, గుల్లగా ఉండే కట్టెను దూరం మోస్తే కిరాయికే ధర చెల్లిపోతుంది. గ్రామ స్థాయిలో ష్రెడ్డర్లు, మండల స్థాయిలో గుళికల యంత్రాలు ఏర్పాటు చేసి, జనవరిలో పత్తి ఏరడం ముగిసిన వెంటనే సేకరణ మొదలుపెడితే, యాసంగి ఆరుతడి పంటకు చేను కూడా సకాలంలో ఖాళీ అవుతుంది.