శబ్ద నిదానం

'నిదానం' అనే సంస్కృత పదానికి మూలకారణమని అర్థం. వైద్యశాస్త్రంలో ఈ పదం రోగకారణాన్నీ, రోగనిర్ణయాన్నీ కూడా తెలియజేస్తుంది. మాధవకరుడు రచించిన 'రోగవినిశ్చయం' అనే ఆయుర్వేద గ్రంథం 'మాధవ నిదానం' అనే పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. తెలుగువారి వాడుకలో ఈ మాట తొందరపాటు లేకపోవడమనే అర్థాన్ని కూడా సంతరించుకొంది. ఇతరులు వాడిన కారును కొనుక్కొని, నాలుగు రోజులు తిరగకముందే ఇంజనులో ఏదో వింతశబ్దం విన్నవారికి ఈ రెండర్థాలూ ఒకేసారి అక్కరకు వస్తాయి.

కొత్తకారు చరిత్ర యజమానికి తెలుసు. పాతకారు చరిత్ర మాత్రం అమ్మినవారికే తెలుసు. ఆయిలు ఎప్పుడు మార్చారో, ఎండాకాలంలో ఎన్నిసార్లు నీళ్లు మరిగాయో, ఏ భాగాన్ని విప్పి మళ్లీ బిగించారో ఆర్.సి. పుస్తకంలో ఉండదు. పసిబిడ్డకు జబ్బు చేస్తే తల్లి ఏడుపును బట్టి బాధను గ్రహిస్తుంది. మాటరాని యంత్రం విషయంలోనూ మనకు మిగిలిన ఆధారం శబ్దమే.

ఆయుర్వేదం రోగిని దర్శనం, స్పర్శనం, ప్రశ్న అనే మూడు విధాల పరీక్షించాలంటుంది. రోగాన్ని గుర్తించడానికి నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అనే అయిదు సాధనాలను చెబుతుంది. వీటిలో ఉపశయం ఎంతో ఆసక్తికరమైనది. ఔషధాన్నో ఆహారాన్నో ఇచ్చి, దానివల్ల ఉపశమనం కలిగిందా లేదా అని చూసి, అంతవరకు దాగి ఉన్న రోగాన్ని నిర్ణయించడమే ఉపశయం. మంచి మెకానిక్కు ఈ పేర్లు తెలియకపోవచ్చు గాని, అతడు అనుసరించే మార్గం ఇదే.

శబ్దాన్ని వర్ణించడంలో తెలుగుభాషకు గొప్ప సౌలభ్యం ఉంది. మన అనుకరణ శబ్దాలు కేవలం కావ్యశోభ కోసం పుట్టినవి కావు. ఫ్యాన్ బెల్టు వదులైతే కీచుమంటుంది. వాల్వుల దగ్గర ఎడం పెరిగితే టకటకలాడుతుంది. నీటిపంపు బేరింగు అరిగితే గరగరమంటుంది. కనెక్టింగు రాడ్డు బేరింగు అరిగితే లోపలెక్కడో రోకటిపోటులా దభదభ వినిపిస్తుంది. "ఏదో సౌండు వస్తోందండీ" అని చెప్పే యజమాని కంటె "పొద్దున్నే టకటకమంటుంది, గేరు మారిస్తే తగ్గదు, బండి వేడెక్కితే తగ్గుతుంది" అని చెప్పే యజమాని సగం చికిత్స తానే చేసినట్లు లెక్క.

శబ్దం ఎటువంటిదో తెలిసిన తరువాత దాని లయను గమనించాలి. నాలుగు ఘాతాల ఇంజనులో క్రాంక్ షాఫ్టు రెండుసార్లు తిరిగితే కామ్ షాఫ్టు ఒక్కసారే తిరుగుతుంది. అందుచేత ఒక్కొక్క వాల్వు రెండు చుట్లకు ఒకసారి మాత్రమే తెరుచుకొంటుంది. నిలకడగా ఉన్న ఇంజను నిమిషానికి 840 చుట్లు తిరుగుతోందనుకొందాం. అంటే సెకనుకు 14 చుట్లు. అప్పుడు ఒక వాల్వు చేసే చప్పుడు సెకనుకు 7 సార్లు వినిపిస్తుంది. బెల్టులు, ఆల్టర్నేటరు చేసే శబ్దం ఇలా విడివిడి దెబ్బలుగా కాక తెంపులేని మూలుగులా సాగుతుంది. తాళజ్ఞానం ఉన్నవారికి ఈ భేదం ఇట్టే పట్టుబడుతుంది.

స్థానాన్ని కనుగొనడం మూడవ మెట్టు. 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపుకు అదే తొలిరూపం. మన షెడ్డులలోని మెకానిక్కులు పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనుక ఎముకకు తాకించి వింటారు. ఘనపదార్థంలో ధ్వని చక్కగా ప్రయాణిస్తుంది కాబట్టి ఏ భాగం దగ్గర చప్పుడు అధికమో తెలిసిపోతుంది. తిరిగే ఫ్యానుకు పైట, కండువా, చొక్కా చేతులు దూరంగా ఉంచుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

ఈ పద్ధతి ఎంత అవసరమో మా సహాధ్యాపకులొకరి అనుభవం వల్ల తెలుస్తుంది. 2003 చలికాలంలో ఆయన కార్బురేటరు ఉన్న, మూడు సిలిండర్ల చిన్నకారు నొకదానిని కొన్నారు. ప్రతి ఉదయం స్టార్టు చేయగానే టకటకమనే శబ్దం. అయిదారు నిమిషాలకు అది మాయం. ఒక మెకానిక్కు ట్యాపెట్లు సరిచేశాడు. శబ్దం తగ్గలేదు. మరొకాయన పిస్టన్లు అరిగాయనీ, ఇంజను దించి బోరు చేయించాలనీ తేల్చాడు. అతడు చెప్పిన ఖర్చు కారు ధరలో మూడవ వంతు. అరిగిన పిస్టను చల్లగా ఉన్నప్పుడు సిలిండరు గోడను కొడుతుంది, వేడికి వ్యాకోచించిన తరువాత ఊరుకొంటుంది. కాబట్టి ఆ మాట నిరాధారమని కొట్టిపారేయడానికి వీల్లేదు.

అంత సొమ్ము పెట్టలేక, మా మిత్రులు తమకు తోచిన ఉపాయం ఆచరించసాగారు. వేడెక్కితే పోయే శబ్దమే కదా అని, రేకుల షెడ్డులోనే చోకు లాగి ఇంజనును పది నిమిషాలు నడిపించేవారు. పిల్లవాణ్ని బడికి దింపే తొందరలో ఇల్లాలు, పిల్లవాడు ముందుగానే కారులో కూర్చొనేవారు. చలి కావడంవల్ల షెడ్డు తలుపు సగమే తెరిచేవారు.

చివరకు ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు వెళ్లారు. ఆ పెద్దాయన పనిముట్టు ముట్టుకోలేదు. ముందు ప్రశ్నలే వేశాడు. "ఏ వేళప్పుడు వస్తుంది సార్? ఎంతసేపు ఉంటుంది? ట్యాపెట్లు సెట్ చేసినాక కొంచెమైనా మారిందా? బండిలో కూర్చున్నవాళ్లకి తల నొస్తుందా?" ఆఖరి ప్రశ్నకు మా మిత్రులు ఉలిక్కిపడ్డారు. ఇల్లాలికి వారం రోజులుగా ఉదయంపూట తలనొప్పి. పిల్లవాడు బడిలో రెండుసార్లు వాంతి చేసుకొన్నాడు. మంచు పడలేదేమోనని ఇంట్లో అనుకొన్నారట.

కారును రాత్రి అక్కడే ఉంచమని, మర్నాడు చల్లటి ఇంజను మీదనే పరీక్ష చేశాడు ఆ పెద్దాయన. తడిపిన మందపాటి గోనెగుడ్డను సైలెన్సరు గొట్టం చివర రెండు మూడు సెకన్లు అదిమిపట్టించగానే ముందువైపు టకటక రెట్టింపైంది. పిస్టను దెబ్బ దీనివల్ల పెరగదు. దారి మూసుకొన్న పొగ మరో రంధ్రం గుండా ఎగదన్నుతోందన్నమాట. టార్చిలైటు వేసి చూస్తే, సిలిండరు హెడ్డుకూ, పొగను బయటికి చేర్చే ఇనుప మేనిఫోల్డుకూ మధ్యనున్న అతుకు దగ్గర నల్లటి మసిచార కనిపించింది. ఒక స్టడ్డు విరిగి, ప్యాకింగు కాలిపోయింది.

ఇద్దరి చెవులూ ఎందుకు పొరబడ్డాయో ఇప్పుడు చెప్పవచ్చు. ఒక సిలిండరునుండి పొగ వెలువడేది కూడా క్రాంక్ షాఫ్టు రెండు చుట్లకు ఒకసారే. కాబట్టి ఆ అతుకులోనుంచి తన్నుకొచ్చే పొగ చప్పుడు లయలో వాల్వు చప్పుడును అచ్చంగా పోలి ఉంటుంది. వేడెక్కిన పోత ఇనుము వ్యాకోచించి సందును మూసివేస్తుంది గనుక, ప్రవర్తనలో అరిగిన పిస్టనునూ పోలుతుంది. స్పార్కు ప్లగ్గు వైరును తీసి చూసే పరీక్ష కూడా ఇక్కడ అంతగా అక్కరకు రాదు. ఆ సిలిండరును ఆపితే రెండు రకాల శబ్దాలూ తగ్గుతాయి. ట్యాపెట్లు సరిచేసినా మార్పు లేకపోవడమనే ఉపశయాన్ని మొదటి మెకానిక్కు గమనించి ఉంటే ఒక వ్యాధి అక్కడే తొలగిపోయేది.

అసలు ప్రమాదం శబ్దంలో లేదు. చోకు లాగినప్పుడు పెట్రోలు పాలు ఎక్కువై, దహనం అసంపూర్ణమై, పొగలో కార్బన్ మోనాక్సైడు పెరుగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌తో కంటె 200 రెట్లకు పైగా గాఢంగా దానితో బంధం ఏర్పరచుకొంటుంది. తలనొప్పి, వికారం, మగత దాని తొలి లక్షణాలు. తలుపు మూసిన షెడ్డులో సైలెన్సరు బాగున్న కారును నడిపించినా ప్రాణాపాయమే. ఇక అతుకు ఊడిన కారులో ఆ వాయువు బోనెట్టు కింద పోగుపడి గాలిసందుల గుండా లోపలికే వస్తుంది. మా మిత్రుల ఉపాయం శబ్దాన్ని వేగంగా మాన్పుతూ, ఇంటిల్లిపాదినీ విషానికి చేరువ చేసింది. ప్యాకింగు, స్టడ్డు మార్చడానికి ఒక పూట పట్టింది. ఇంజను దించవలసిన పని పడలేదు. తల్లీబిడ్డలను ఆ సాయంత్రమే వైద్యునికి చూపించారు.

అన్ని శబ్దాలూ ఇలా వేచిచూడదగినవి కావు. చప్పుడుతోపాటు ఆయిలు సూచించే ఎర్రదీపం వెలిగితే ఉన్నచోటనే ఇంజను ఆపివేయాలి. బరువు లాగేటప్పుడు దభదభమని అడుగునుంచి వినిపిస్తే కారును తాడుతో లాగించుకుపోవడమే మేలు. తెగిన రాడ్డు ఇంజను గోడనే చీల్చుకొని రాగలదు. కొండెక్కేటప్పుడు గలగలమనే సన్నటి లోహధ్వని మాత్రం చాలాసార్లు ఇంధనానిదో, జ్వలనకాలానిదో అయి ఉంటుంది.

అమ్మేవారిలో కొందరు బేరింగుల చప్పుడు వినిపించకుండా చిక్కటి ఆయిలు పోయిస్తారు. ఇంకొందరు బేరగాడు వచ్చే వేళకు ఇంజనును వేడిచేసి ఉంచుతారు. మా మిత్రులు కారును చూసింది మధ్యాహ్నం మూడు గంటలకు. అప్పటికే దానిని ఊరంతా తిప్పి తెచ్చారు. కొనబోయే కారు దగ్గరకు వెళ్లగానే ధర అడిగేముందు బోనెట్టు మీద అరచేయి ఆనించి చూడాలి. వెచ్చగా తగిలితే, రేపు ఉదయం వస్తామనీ, అంతవరకు స్టార్టు చేయవద్దనీ చెప్పి తిరిగి రావచ్చు.