కంపెనీ అప్పు.. డైరెక్టర్ ఇంటి మీదకు ఎలా వస్తుంది? 'పేరుకే ఉన్నా' అంటే కోర్టులు ఒప్పుకుంటాయా?

"బావా, కంపెనీ పెడుతున్నా. నువ్వు పేరుకే డైరెక్టర్‌వి. బ్యాంక్ పేపర్ల మీద ఓ సంతకం పెట్టు చాలు.." చాలా ఇళ్లలో వినిపించే మాటే ఇది. బావమరిది అడిగాడు కదా అని సంతకం పెట్టేస్తారు. కొన్నేళ్లకు కంపెనీ మూతపడుతుంది. బ్యాంక్ నోటీసు కంపెనీ ఆఫీసుకే కాదు, బావగారి ఇంటికీ వస్తుంది. "ప్రైవేట్ లిమిటెడ్ కదా.. దాని అప్పుతో నాకేంటి సంబంధం?" అని ఆయన అడుగుతారు. ఆ ప్రశ్నలో తప్పేం లేదు. చిక్కంతా ఆయన సంతకం పెట్టిన కాగితంతోనే.

కంపెనీ వేరు.. యజమాని వేరు

ఈ సూత్రానికి మూలం 1897 నాటి లండన్ కేసు. సాలమన్ అనే బూట్ల వ్యాపారి తన దుకాణాన్ని కంపెనీగా మార్చాడు. మొత్తం 20,007 షేర్లలో 20,001 ఆయనవే. మిగిలిన ఆరు భార్యాపిల్లల పేరిట ఉన్నాయి. కంపెనీ దివాలా తీసింది. బాకీలు ఆయనే కట్టాలని కింది కోర్టులు అన్నాయి. కానీ హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. చట్టప్రకారం రిజిస్టరైన కంపెనీ ఒక వేరే 'వ్యక్తి' అని, దాని అప్పు దానిదేనని తేల్చింది. మన కోర్టులూ ఇదే పాటిస్తాయి. కంపెనీని అడ్డం పెట్టుకుని మోసం చేశారని తేలితే మాత్రం ఆ ముసుగు తొలగించి వెనకున్నవాళ్లను పట్టుకుంటాయి.

మరి మోసం చేయని బావగారు ఎందుకు ఇరుక్కున్నారు? ఆయన సంతకం పెట్టింది పర్సనల్ గ్యారంటీ మీద. మన వాడుకలో ష్యూరిటీ. డైరెక్టర్ పదవి వేరు, ఇది వేరు. ఇది ఆయనకూ బ్యాంక్‌కూ మధ్య విడిగా కుదిరిన ఒప్పందం.

అసలు చిక్కు ఇక్కడే

1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 128 ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో, ష్యూరిటీ ఇచ్చినవాడికీ అంతే. "ముందు కంపెనీ ఆస్తులు అమ్ముకోండి, తక్కువైతే నా దగ్గరకు రండి" అనే మాట వినడానికి బాగానే ఉంటుంది. కోర్టులో చెల్లదు. బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో 1969లోనే సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. ముందు ఎవరిని అడగాలన్నది బ్యాంక్ ఇష్టం.

కంపెనీ దివాలా ప్రక్రియ పూర్తయి, బ్యాంకులు కొంత వదులుకుని సెటిల్ చేసుకుంటే? ప్రమోటర్లు గట్టిగా పోరాడింది దీని మీదే. గ్యారంటీ ఇచ్చిన వ్యక్తుల మీదా దివాలా చట్టం కింద చర్యలు తీసుకునేలా కేంద్రం 2019 నవంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. లలిత్ కుమార్ జైన్ కేసులో 2021 మే 21న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కంపెనీకి రిజల్యూషన్ ప్లాన్ ఆమోదం పొందినంత మాత్రాన గ్యారంటీ దానంతట అది రద్దు కాదని చెప్పింది.

"రిజైన్ చేసేశా కదా" అనేది మరో అపోహ. డైరెక్టర్‌గా రాజీనామా చేస్తే పోయేది పదవే. గ్యారంటీ అలాగే ఉంటుంది. చట్టంలోని సెక్షన్ 130 భవిష్యత్ లావాదేవీల వరకు గ్యారంటీని వెనక్కి తీసుకునే హక్కు ఇస్తుంది. కానీ బ్యాంకుల ఫారాల్లో ఈ హక్కును వదులుకుంటున్నట్టు ముందే అచ్చేసి ఉండొచ్చు. పంజాబ్ నేషనల్ బ్యాంక్‌కు సంబంధించిన ఓ కేసులో, లోన్ ఇవ్వకముందే గ్యారంటీ వెనక్కి తీసుకున్నానని ఒక వ్యక్తి వాదించారు. ఒప్పందంలో ఆ హక్కు వదులుకున్నారు కాబట్టి కుదరదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. నిజం చెప్పాలంటే, ఆ పేజీలన్నీ చదివి సంతకం పెట్టేవాళ్లు ఎంతమంది?

చెక్ బౌన్స్ అయితే?

ఇక్కడ కోర్టులు కాస్త భిన్నంగా చూస్తాయి. ఇది క్రిమినల్ కేసు, రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. అందుకే కేవలం డైరెక్టర్ అయినంత మాత్రాన దోషి కాదని ఎస్‌ఎంఎస్ ఫార్మాస్యూటికల్స్ కేసులో 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ సమయంలో కంపెనీ వ్యవహారాల బాధ్యత ఆ డైరెక్టర్‌దేనని ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. మేనేజింగ్ డైరెక్టర్‌కు, చెక్ మీద సంతకం చేసినవారికి ఈ వెసులుబాటు లేదు. అంటే 'పేరుకే డైరెక్టర్' అనే మాట ఇక్కడ పనికొస్తుంది. గ్యారంటీ కేసులో పనికిరాదు.

సంతకం పెట్టక తప్పకపోతే ఏం చేయాలి?

సెక్షన్ 128లోనే ఒక చిన్న మినహాయింపు ఉంది. ఒప్పందంలో వేరేలా రాసుకుంటే అదే చెల్లుతుంది. కాబట్టి ఇంత మొత్తం వరకే అని పరిమితి రాయించమని అడగొచ్చు. బ్యాంక్ ఒప్పుకోకపోవచ్చు, అయినా అడగండి. లోన్ పెంచినా, షరతులు మార్చినా మీ అనుమతి లేకుండానే మీరు కట్టుబడాలనే వాక్యం ఉందేమో చూడండి. కంపెనీ నుంచి తప్పుకునే రోజు రాజీనామా లేఖతో ఆగిపోవద్దు. గ్యారంటీ నుంచి విడుదల చేస్తున్నట్టు బ్యాంక్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఒకవేళ డబ్బు కట్టాల్సి వచ్చినా, కట్టిన మేరకు కంపెనీ నుంచి రాబట్టుకునే హక్కు చట్టం ఇస్తుంది.. అప్పటికి కంపెనీలో ఏమైనా మిగిలి ఉంటే.