మబ్బులో నీళ్ళు, ముంతలో నీళ్ళు

2020 ఏప్రిల్‌లో ఒక అర్ధరాత్రి మా ఊరి మిత్రుడొకాయన ఫోను చేశాడు. ఆయన ఒక హోటల్లో మేనేజరు. కోవిడ్ వచ్చి హోటలు మూతపడింది. నిరుద్యోగ భృతికి అర్జీ పెట్టుకుందామని పగలల్లా రాష్ట్ర ప్రభుత్వం వారి వెబ్‌సైటు ముందు కూర్చున్నాడు. నాలుగు పేజీలు నింపేసరికి తెర తెల్లబోయేది. మళ్ళీ మొదటికి! ఫోను చేస్తే ఎప్పుడూ ఎంగేజే.

"నువ్వు కంప్యూటర్ల వాడివి కదా గురూ! పండగ సేల్ రోజున జనం ఎంత ఎగబడినా ఆన్‌లైన్ కొట్లు నడుస్తూనే ఉంటాయి. మన పన్నులతో నడిచే ఈ సైటుకేం రోగం?" అని అడిగాడు.

ఆ రాత్రి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

కోవిడ్‌కి ముందు అమెరికా మొత్తం మీద వారానికి రెండు లక్షల పైచిలుకు కొత్త అర్జీలు వచ్చేవి. 2020 మార్చి చివరి వారంలో 60 లక్షలకు పైగా వచ్చాయి. ఎన్నడో ఒకనాడు ఇలా వస్తుందని ఏ ఆఫీసు మాత్రం ముప్ఫై రెట్ల కంప్యూటర్లు కొని దాచుకుంటుంది? మన ఇళ్ళల్లో పెళ్ళికి వెయ్యి మంది వస్తారని వెయ్యి కుర్చీలు, పెద్ద పెద్ద గుండిగలు కొని అటక మీద పెట్టుకుంటామా? టెంట్ హౌస్ వాడి దగ్గర తెచ్చుకుంటాం, పెళ్ళయ్యాక తిప్పి పంపేస్తాం. క్లౌడ్ అంటే స్థూలంగా ఇదే.

పేరుకి మబ్బే గాని, ఆకాశంలో ఏమీ ఉండదు. ఊరి బయట పెద్ద పెద్ద షెడ్లలో వేల కంప్యూటర్లు బారులు తీరి ఉంటాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వారు 2011లో దీనికొక నిర్వచనం ఇచ్చారు. దాని సారాంశం: కావలసినప్పుడు కావలసినంత తీసుకోవచ్చు, అక్కర తీరాక వదిలెయ్యొచ్చు, వాడినదానికి కరెంటు మీటరు లాగా లెక్క ఉంటుంది.

ప్రభుత్వాలకి ఇందులో ప్రత్యేకమైన లాభం ఒకటుంది. సర్కారీ ఆఫీసులో ఒక సర్వరు కొనాలంటే బడ్జెట్లో అడగాలి, టెండర్లు పిలవాలి, అనుమతులు రావాలి. పెట్టె వచ్చేసరికి అది పాతబడిపోతుంది. అందుకనే 2010 చివర్లో, అప్పటి ఫెడరల్ సీఐఓ వివేక్ కుంద్రా హయాంలో, కొత్త పనులకి ముందు క్లౌడ్ సంగతి ఆలోచించండన్న విధానం వచ్చింది. ఆ తర్వాత ఏడాది ఫెడ్‌రాంప్ అనే పద్ధతి పెట్టారు. ఒక క్లౌడ్ సేవ భద్రతని ఒకసారి క్షుణ్ణంగా పరీక్షిస్తే, ఆ ఫలితాన్ని మిగతా శాఖలూ వాడుకోవచ్చు. అందరూ మళ్ళీ మళ్ళీ అదే పరీక్ష చెయ్యనక్కర్లేదు.

2020లో రోడ్ ఐలండ్ అనే చిట్టి రాష్ట్రం ఏం చేసిందో చూడండి. నిరుద్యోగ భృతికి వారి పాత ఫోను వ్యవస్థ ఒకేసారి వంద లోపు కాల్సే అందుకోగలిగేది. క్లౌడ్ మీద కొత్తది పెడితే దాదాపు 2,000 అందుకోగలిగింది. పని జరగడానికి నెలలు పట్టలేదు, రోజులే పట్టాయి.

అలాగని క్లౌడ్ సర్వరోగ నివారిణి కాదు. 2013 అక్టోబరు 1న మొదలైన హెల్త్‌కేర్ డాట్ గవ్ సైటులో తొలిరోజు అర్జీ పూర్తిచెయ్యగలిగినది ఆరుగురే! అక్కడ లోపం యంత్రాలదొక్కటే కాదు. సరిగ్గా పరీక్షించకుండా, బాధ్యత ఎవరిదో తేల్చకుండా తలుపులు తెరిచారు. ఇక 2020 ఏప్రిల్‌లో కోబాల్ వచ్చినవాళ్ళు సాయానికి రండని న్యూ జెర్సీ గవర్నరు పిలుపునిచ్చారు. వై2కె పుణ్యమా అని కోబాల్ నేర్చుకుని విమానమెక్కిన మనవాళ్ళు ఎంతమంది ఆ మాట విని నవ్వుకున్నారో! పాత ప్రోగ్రాముని అర్థం చేసుకున్న మనిషి లేనప్పుడు దాన్ని ఎక్కడికి తరలించినా ఒకటే.

క్లౌడ్‌కి ఉన్న రెండో లాభం, అన్నీ ఒకే గదిలో ఉండనక్కర్లేదు. ప్రభుత్వ సమాచారాన్ని దేశం దాటించడానికి అడ్డుగా ఉన్న చట్టాన్ని ఉక్రెయిన్ 2022 ఫిబ్రవరిలో, యుద్ధానికి కొద్ది రోజుల ముందే సవరించుకుంది. ముఖ్యమైన రికార్డులు బయటి దేశాల్లోని క్లౌడ్ కేంద్రాలకి చేరాయి. యుద్ధం తొలి రోజుల్లోనే ఒక ప్రభుత్వ డేటా సెంటరు మీద క్షిపణి పడింది. భవనం పోయినా రికార్డులు మిగలడం అంటే ఇల్లెవరిది, పొలమెవరిది, పింఛను ఎవరికి అన్న సంగతులు మిగలడం.

దీనికి విరుద్ధమైన కథ దక్షిణ కొరియాది. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీలు అంటుకున్నాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగుల ఫైళ్ళు దాచే జీ-డ్రైవ్ అనే ప్రభుత్వ క్లౌడ్‌లోని 858 టెరాబైట్ల సమాచారం కాలిపోయింది. అది చాలా పెద్దదని వేరే చోట నకలు పెట్టలేదు. ఆఫీసు కంప్యూటర్లో దాచుకోకండి, అందులోనే పెట్టండని ఉద్యోగులకి చెప్పిందీ వాళ్ళే. మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోవడమంటే ఇదే మరి!

కనక క్లౌడ్ అన్న పేరు కాదు, దాని వెనకున్న ఏర్పాటు ముఖ్యం. ఇంకో సంగతి, అద్దె ఎప్పటికీ కడుతూనే ఉండాలి. కట్టెయ్యడం మరిచిపోయిన కుళాయిలాగా వాడని యంత్రాలకీ బిల్లు వస్తూనే ఉంటుంది. అద్దె సామాను తెచ్చినా వంట తెలిసినవాడు ఇంట్లో ఒకడుండాలి.

మన కౌంటీ, మన రాష్ట్రం క్లౌడ్‌కి వెళ్తున్నామని ప్రకటించినప్పుడు, పన్ను కట్టేవాళ్ళుగా మనం మూడు ప్రశ్నలు అడగొచ్చు. రద్దీ వస్తే తట్టుకుంటుందని పరీక్షించి చూశారా? నకళ్ళు ఎన్ని ఊళ్ళలో ఉన్నాయి? రేపు కంపెనీని మార్చాల్సి వస్తే మన సమాచారం మన చేతికి వస్తుందా?

మా మిత్రుడికి భృతి ఏడు వారాలకి అందింది. ఆ మధ్యలో ఇంటద్దెకి చేబదులు తీసుకున్నాడు. "డబ్బు లేకపోవడం కన్నా, నా అర్జీ వాళ్ళకి అందిందో లేదో తెలియకపోవడమే ఎక్కువ బాధపెట్టింది గురూ" అన్నాడు తరవాత. ఇంత టెక్నాలజీ ఉన్నాక, అర్జీ అందిందన్న ఒక్క మాటైనా అర్ధరాత్రి పూట ఆయనకి అంది ఉండాల్సింది.